ఏంబలంలో నాలుగో ట్రే

మా యానాం వాళ్ళకి పాండిచ్చేరి అంటే ఆఫీసు పని. పెద్ద సంతకం ఏదైనా కావాలంటే గోదావరి ఒడ్డున బయల్దేరి, కోస్తా అంతా దాటి, మద్రాసునీ దాటి, అరవదేశంలో ఉన్న మా రాజధానికి పోవాలి. వెళ్ళొచ్చినవాళ్ళు బీచ్ రోడ్డులో తీయించుకున్న ఫొటోలు చూపిస్తారు, పసుపురంగు గోడల వీధుల గురించి చెబుతారు. నేనూ వెళ్ళి పదిరోజులుండి వచ్చాను. నా ఫోనులో ఉన్నవన్నీ నాలుగు నల్ల ప్లాస్టిక్ ట్రేల ఫొటోలే. కాలేజీ స్టాఫ్ రూములో ఒక్కొక్కటే చూపించబోతే మూడో ఫొటోకే అందరికీ క్లాసు టైమైపోయింది. అందుకని కూర్చుని రాస్తున్నాను. చదివేవాళ్ళు మధ్యలో లేచిపోయినా నాకు కనిపించదు, నాకు బాధా ఉండదు.

నేను బోటనీ చెబుతాను. మొండిదాన్నని ఇంట్లోనూ కాలేజీలోనూ పేరు. కొన్నేళ్ళుగా నా మొండితనమంతా నైట్రిక్ ఆక్సైడ్ మీద పెట్టాను. అదేమిటో ముందే చెప్పేస్తాను, దారిలో చెబుతూ కూర్చుంటే ప్రయాణం సాగదు. అదొక వాయువు. బండి పొగలో ఉంటే తిట్టుకుంటాం. కానీ ప్రతి మొక్కా తన వేళ్ళలో, ఆకుల్లో దాన్ని పిసరంత తయారుచేసుకుంటుంది. ఎండ ముదిరినా, నీళ్ళలో ఉప్పెక్కువైనా, జాగ్రత్తపడమని మొక్క ఒళ్ళంతా కబురు తిప్పేవాటిలో అదొకటి. కాయ తొందరగా పండకుండా, పువ్వు తొందరగా వాడకుండా కొంత ఆపగలిగేదీ అదే. ఆ వాయువుని వదిలే మందుని బాగా పలచగా కలిపి వేళ్ళకి పోస్తే, మొక్క ముందే మేలుకుని ఉప్పుని కాస్త తట్టుకుంటుంది. మోతాదు మించితే మొక్కకీ మనిషికీ కూడా విషమే. వెలుతురు తగిలితే చెడిపోతుంది. అందుకే తినే పంటల జోలికి పోకుండా, జడలోకి పోయే కనకాంబరం మీద పనిచేస్తున్నాను. కాలేజీ కుండీల్లో బాగానే పనిచేసింది. కుండీలో పనిచేసింది రైతు తోటలో పనిచేస్తుందా అన్నదే తేలలేదు.

అప్పుడు ఝాన్సీ ఫోను చేసింది. నా పాత స్టూడెంటు, ఇప్పుడు పాండిచ్చేరిలో రైతుల వ్యవహారాలు చూసే ఆఫీసులో ఉద్యోగం. టౌనుకి దక్షిణాన ఏంబలం అనే ఊరిలో మునియమ్మ, రామలింగం అని భార్యాభర్తలు, తెలుగువాళ్ళే, ఎన్నో తరాలుగా అక్కడే ఉన్నవాళ్ళు, కనకాంబరం వేస్తారట. బోరులో ఉప్పు దిగి రెండుసార్లు నాటినదీ మాడిపోయిందట. ఆయన విసిగిపోయి, భూమిని సరుగుడు తోటకి కౌలుకిచ్చేస్తానంటున్నాడు. ఒక్కసారి సరుగుడు నాటితే అది కొట్టేవరకూ ఏళ్ళ తరబడి ఇంకేమీ వెయ్యడానికి లేదు.

నేను ఇక్కడినుంచే చెప్పాను: కనకాంబరం నారు నాలుగు ట్రేలు తీసుకో, అన్నిటికీ ఆ బోరు నీళ్ళే పొయ్యండి, సగానికి మందివ్వండి, సగానికి వద్దు. మునియమ్మ బేరమాడి ఒక్క ట్రే మాత్రమే మందు లేకుండా ఉంచడానికి ఒప్పుకుంది. ఝాన్సీ మందు కొలిచి, కలిపి, నల్ల కాగితం చుట్టిన డబ్బాలో పోసి, చేతి తొడుగులిచ్చి వచ్చేది. సాయంత్రం పోసేది మునియమ్మ. కొన్ని వారాలయ్యాక ఫలితం కళ్ళారా చూద్దామని సెలవు పెట్టి బయల్దేరాను.

రైల్లో

నా దగ్గర నీళ్ళలో ఉప్పు కొలిచే పెన్ను ఒకటుంది. ముంచితే అంకె చూపిస్తుంది. ఏ నీళ్ళు కనిపించినా ముంచడం నాకు అలవాటు. రైలెక్కగానే సీసా నీళ్ళలో ముంచాను. ఎదురు సీటులో తుని ఆవిడ, మద్రాసు పోతోంది, నావైపే చూస్తోంది.

"షుగరా అమ్మా? పాపం, ఈ వయసుకే!" అంది.

"షుగర్ కాదండీ, ఉప్పు" అన్నాను.

"అయ్యో, బీపీయా!" అంది ఇంకా జాలిగా.

విడమరచి చెప్పేసరికి నెల్లూరు వచ్చింది. చివరికి ఆవిడ తన మజ్జిగ సీసా మూత తీసి, ఇందులో చూడమంది. అంకె పైకి ఎగబాకింది. "కోడలు కలిపిందండీ. నేను చెబితే నమ్మరు మా ఇంట్లో" అంటూ పెన్నుతో సహా మజ్జిగని ఫొటో తీసి అప్పటికప్పుడే ఎవరికో పంపింది. ఒక ఇంట్లో నావల్ల రేగిన గొడవ ఎలా చల్లారిందో నాకు తెలియదు.

మూలకుళం

ఝాన్సీ ఉండేది టౌనుకి పడమటివైపు, మూలకుళంలో. మేడమీద రెండు గదులు. పొద్దున్నే నన్ను వీధి చివర కొట్టుకి తీసుకుపోయింది. మనవైపు పెసరట్టు ఉప్మా ఎలాగో ఇక్కడ పొంగలు అలాగ. ప్లేటు నలభై రూపాయలు. నెయ్యీ మిరియాలూ దండిగా పడ్డ ఆ ముద్ద తిన్నాక ఎవరైనా ఆఫీసుకి ఎలా పోతారో నాకు అర్థం కాలేదు. మనవైపు రెండోసారి చట్నీ అడిగితే మొహం చూస్తారు. ఇక్కడ సాంబారు బకెట్టుతో వెంటపడతారు, వద్దని చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీద పోస్తారు. సాంబారులో పెన్ను ముంచబోతే ఝాన్సీ లాక్కుని తన బ్యాగులో పెట్టేసుకుంది.

దారంతా ఆడవాళ్ళ జడలే చూశాను. స్కూటీ మీద పోయేవాళ్ళు, స్కూలు టీచర్లు, బస్సు కోసం నించున్నవాళ్ళు, అందరి తలల్లోనూ మల్లెల మధ్య నారింజరంగు కనకాంబరం. మనవైపు పండగకో పెళ్ళికో పెట్టుకుంటాం, ఇక్కడ మామూలు రోజుకీ పెట్టుకుంటారు. మూరని ముళం అంటారు. పూలమ్మే ఆవిడ చెయ్యి పొట్టిదైతే ముళమూ పొట్టిదే, దానికోసం ఎవరూ పోట్లాడరు.

"ఇంతమంది పెట్టుకుంటుంటే ఆ ముసలాయన తోట తీసేస్తానంటాడేంటే?" అన్నాను.

"నీళ్ళు చూశాక మాట్లాడండి మేడమ్ గారూ" అంది ఝాన్సీ.

ఏంబలం

ఊరు దాటాక చెరుకు, వరి, మధ్యమధ్య నిటారుగా సరుగుడు తోపులు. మునియమ్మ ఇల్లు పొలంలోనే. అరవై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంది. బండి దిగీ దిగకముందే నా చెయ్యి పట్టుకుంది.

"వస్తివా టీచరమ్మా! గోదారి నుంచి ఇంత దూరం మా మొక్కల కోసరం ఎవరు వస్తారు? కూర్చో, కూర్చో. యాడ కూర్చుంటావు? నులక మంచం మీద కూర్చో."

ఆవిడ తెలుగు నాకు మొదట్లో వింతగా వినబడింది. సగం మాటల్లో అరవం కలిసిపోయింది, యాస దక్షిణాదిది. చదవడం రాయడం ఒక్క అక్షరం రాదు తెలుగులో. కానీ కోళ్ళని తిట్టడం తెలుగులోనే.

ట్రేలు ఇంటి వెనక చూరు నీడలో ఉన్నాయి. ఎనిమిదివందల కిలోమీటర్లు వచ్చింది వాటికోసమే. దగ్గరికి పోయి చూశాను, వంగి చూశాను, అటు నుంచి ఇటు నుంచి చూశాను. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. ఆకుల అంచులు అక్కడక్కడ కాస్త కమిలాయి, మొక్కలు బతికే ఉన్నాయి. మందు తాగిన మూడూ, తాగని ఒకటీ అని చీటీలు లేకపోతే ఏది ఏదో నేనే చెప్పలేను.

రామలింగం నా వెనకే నించున్నాడు. మిల్లులో పనిచేసి దిగిపోయిన మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు.

"చూడండి మేడమ్. మందు ఏసినవి మూడు, ఏయనిది ఒకటి. నాలుగూ ఒకే మాదిరి ఉండాయి. అప్పురం ఇంక మందు ఎందుకు? ఈ తూరి వాన బాగా పడింది, బోరులో ఉప్పు రవ్వంత తగ్గింది. అంతే సంగతి. ఎండలు ముదిరితే మళ్ళా మాడిపోతాయి."

ఝాన్సీ బ్యాగులోంచి పెన్ను తీసి బోరు నీళ్ళలో ముంచాను. ఝాన్సీ పోయిన వేసవిలో చూసినప్పటికంటే ఉప్పు కొంచెం తగ్గిన మాట నిజమే. మొక్కల్ని నిలబెట్టింది ఆ తగ్గుదలా, నా మందా అని చెప్పడానికే కదా ఆ నాలుగో ట్రే ఉన్నది. అది మాడి ఉంటే మందు గెలిచినట్టు. మాడలేదు. ఆయన అన్నదాంట్లో తప్పుపట్టడానికి నాకు ఒక్క ముక్క దొరకలేదు.

"సరుగుడుకి సెల్వం అని మనిషి వస్తా ఉండాడు ఈ పొద్దు. మాట ఇచ్చేస్తాను" అన్నాడు రామలింగం.

ఆయన అటు పోయాక మునియమ్మ నా పక్కన కూలబడింది. "తోట పోతే నేను పొద్దున లేచి ఏం చేసేది టీచరమ్మా? పెండ్లయ్యి వచ్చిన నాటి నుంచి చీకటితోనే పూలు కోస్తా ఉండాను. ఇంక సుమ్మా, ఊరికే గోడకి ఆనుకోని కూర్చోవాల్సిందేనా?" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే మొక్కలు మారవు గనక మళ్ళీ వెళ్ళి ట్రేలు చూశాను.

మూడు గుడ్లు

మధ్యాహ్నానికి సెల్వం వచ్చాడు. సరుగుడు తోపులు కౌలుకి చేసే మనిషి, నలభై ఏళ్ళుంటాయి, తమిళమే మాట్లాడతాడు, తెలుగు కొంచెం అర్థమవుతుంది. నేను అతన్ని కోపంగా చూడాలని నిశ్చయించుకున్నాను గానీ అతను మొదట చేసిన పని మునియమ్మ చేతిలోంచి నీళ్ళ బిందె అందుకుని లోపల పెట్టడం. అలాంటివాళ్ళని కోపంగా చూడటం కష్టం.

మునియమ్మ నాలుగు అరిటాకులు వేసింది. నాకు, ఝాన్సీకి, రామలింగానికి, సెల్వానికి. తనని కూడా కూర్చోమంటే నవ్వేసి, మీరు లేచాక తింటానంది. అన్నం, పులుసు, చల్లమిరపకాయలు. మనం పప్పూ నెయ్యితో మొదలుపెట్టి పులుసుకి వస్తాం, వీళ్ళు మొదటి ముద్దకే పులుసు పోసేస్తారు. చల్లమిరపకాయలు మాత్రం అచ్చం మా అమ్మ చేసినవే.

ఇంతలో ఉడికించిన గుడ్లు తెచ్చింది. కోళ్ళు ఆ పూట మూడే పెట్టాయట. ఆవిడ గడపలో కూర్చుని, పళ్ళతో దారం ఒక కొస పట్టుకుని, గుడ్డు మీదుగా దారం లాగి, ఒక్కో గుడ్డునుంచి ఒక్కో ముక్క చక్కగా కోసి తీసింది. ముక్క పోయిన గుడ్లు మూడాకుల్లో పడ్డాయి. తీసిన మూడు ముక్కలూ కలిపి నాలుగో ఆకులో వేసింది. ఆ నాలుగో ఆకు సెల్వానిది. తన తోట తీసుకుపోవడానికి వచ్చిన మనిషికి!

"నా గుడ్డు మొత్తం అతనికి వెయ్యండి, నాకు వద్దు" అన్నాను.

"అదెట్ల కుదురుతుంది? పంక్తిలో కూర్చున్నాక ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకుండా ఉండేది మా ఇంట్లో లేదు. ఉండేది తలా ఇంత" అంది.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. గుడ్డు వైపు చూశాను, ఆవిడ వైపు చూశాను.

"పెద్దమ్మా, నిజం చెప్పు. ఆ నాలుగో ట్రేకి మందు పోశావా?"

కోపంలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. ఆవిడకి అదే నచ్చినట్టుంది, ఏమాత్రం దాచలేదు.

"పోస్తిని. మూడింటి వాటాలో నుంచి తలా కొంచెం తీసి దానికీ పోస్తిని. ఏంది అట్ల చూస్తా ఉండావు? ఉప్పునీళ్ళు నాలుగింటికీ పోస్తా ఉండాను, మందు మాత్రం మూడింటికేనా? అది ఏం పాపం చేసింది? పావం, నోరులేని మొక్క."

"ప్రతిసారీ పోశావా?"

"ప్రతి తూరీ. ఒక నాడు పెట్టి ఒక నాడు మానేస్తారా ఎవరన్నా?"

ఝాన్సీ తల పట్టుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది, వెంటనే నవ్వు కూడా వచ్చింది, రెండూ కలిసి పొలమారింది. రామలింగం నీళ్ళిచ్చాడు. నేను దగ్గు ఆపుకుని ఆయనకి చెప్పాను: నాలుగూ ఒకేలా ఉన్నాయంటే మందు పనిచెయ్యలేదని కాదు, నాలుగూ మందు తాగాయని. ఉప్పు తగ్గడం వల్ల నిలబడ్డాయో మందు వల్ల నిలబడ్డాయో ఇప్పటికీ తెలియదు. కానీ తెలుసుకోవచ్చు. ఇంకొక్క వారం ఇవ్వండి.

ఆయన సెల్వం వైపు చూశాడు. సెల్వం తన ఆకులోని గుడ్డు ముక్కల వైపు చూసుకుని తమిళంలో ఏదో అన్నాడు. ఝాన్సీ చెప్పింది: వారం ఆగితే తన నారేమీ ముదిరిపోదంట, వచ్చే శుక్రవారం వస్తానంటున్నాడు.

రెండూ రెండూ

ఊరి కుళాయి మంచినీళ్ళతో మునియమ్మ పెంచుతున్న కొత్త నారు వేరే ఉంది. ఏ మందూ తాకనిది, ఏ ఉప్పూ చూడనిది. దాన్నే నాలుగు ట్రేలకి సర్దాం.

"రెండింటికి మందు, రెండింటికి లేదు" అన్నాను.

"రెండా? పోయిన తూరి ఒకటే గదా అడిగితివి!"

"పోయినసారి ఆ ఒక్కటీ ఇవ్వలేదుగా నువ్వు."

ఝాన్సీ నవ్వు ఆపుకోలేక బోరు వైపు పోయింది. మునియమ్మ మొహం ముడుచుకుంది. నేను ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాను. ఒక్క ట్రే మాడితే ఎండ తగిలిందో, చీడ పట్టిందో అంటారు మీ ఆయన, రెండు మాడి రెండు నిలబడితే అప్పుడు ఎవరూ ఏమీ అనలేరు అని చెప్పాను. నిలబడకపోతే నేనే వెనక్కి తగ్గి, మందు పనికిరాలేదని ఆయన ముందే ఒప్పుకుంటానన్నాను.

"నీ తోట ఉండాలా, వద్దా?"

"ఉండాల."

"అయితే రెండు."

ఆవిడ మట్టిలో వేలితో రెండు గీతలు గీసింది. "సరి. అయితే ఉప్పునీళ్ళు నేనే పోస్తా. నువ్వు చెయ్యి పెట్టొద్దు. వాటి కడుపు కాల్చేదే అయితే నా చేత్తోనే కాలుస్తా. పెంచింది నేను గదా" అంది.

పొద్దు వాలాక ఝాన్సీ మందు కలిపింది, చేతి తొడుగులు వేసుకుని నేనే రెండు ట్రేలకి పోశాను. మిగతా రెండింటికీ అంతే మంచినీళ్ళు. మర్నాటినుంచి నాలుగింటికీ మునియమ్మ చేత్తో బోరు ఉప్పునీళ్ళే. డబ్బా మాత్రం మా వెంట మూలకుళం తెచ్చేసుకున్నాం. మునియమ్మ మీద నమ్మకం లేక కాదు, ఆవిడ మనసు మీద నమ్మకం ఉండి.

వైతికుప్పం

ఎదురుచూడటం నాకు చేతకాని పని. రెండ్రోజులు ఏంబలం పోయి చూస్తే నాలుగు ట్రేలూ పచ్చగా ఒక్కలాగే ఉన్నాయి. మూడోరోజు మళ్ళీ మందు పోసి వచ్చాం. అప్పటికీ తేడా లేదు. అక్కడే కూర్చుని ఆకుల్ని చూస్తూ ఉంటే పిచ్చెక్కుతుందని ఝాన్సీ మర్నాడు నన్ను టౌనుకి ఉత్తరాన ఉన్న వైతికుప్పానికి లాక్కుపోయింది. ఆ రోజు మాసి మగం. చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళందరూ పల్లకీల్లో, ట్రాక్టర్ల మీద సముద్రస్నానానికి వస్తారు. మా గోదావరి పుష్కరాలకి మనుషులు స్నానానికి వస్తే ఇక్కడ దేవుళ్ళు వస్తారు. ఇసకలో వరసగా నించున్న ఆ దేవుళ్ళ మెడల్లో గులాబీ, సంపంగి, కనకాంబరం దండలు. జాలరి పిల్లలు పడవల మీదెక్కి చూస్తున్నారు.

పూలమ్మే ఒకావిడ దగ్గర ఆగి, నాకొచ్చిన అరవంలో కనకాంబరం ఒక ముళం అడిగాను. ఆవిడ ఫక్కున నవ్వింది.

"తెలుగు మాట్లాడు అక్కా, మా ఇంట్లోనూ తెలుగే" అంది. "ఈ పువ్వు తెల్లారి బస్సులో వస్తాది, దూరం నుంచి. ఐసు పెట్టి పంపిస్తారు. చూడు, మధ్యాహ్నానికే ముడుచుకుపోయింది. ముందంతా ఏంబలం, బాహూరు పక్క నుంచి గంపల్లో వస్తా ఉండె. ఆ పువ్వు కడితే రెండు నాళ్ళు నిలుస్తాది. ఇప్పుడు యాడ ఉండారు వేసేవాళ్ళు? అందరూ సరుగుడు చెట్లు పెట్టేసిరి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ముళం పూలు జడలో పెట్టుకుని నీళ్ళ దాకా నడిచాను. చేతిలో పెన్ను ఉంది, ఎదురుగా సముద్రం ఉంది. ముంచకుండా ఉండలేకపోయాను. వంగి ముంచానో లేదో అల వచ్చి నడుం దాకా తడిపేసింది. పెన్ను చూపించగలిగినంత పెద్ద అంకె చూపించి, మిణుకుమని, ఆరిపోయింది. ఇక వెలగలేదు. ఝాన్సీ ఇసకలో కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. తడిచీరతో ఆటో ఎక్కితే డ్రైవరు సీటు మీద పేపరు పరిచి, ఎప్పుడూ అడిగేదానికంటే ఇరవై ఎక్కువడిగాడు. ఇచ్చేశాను.

మర్నాడు ఏంబలంలో మునియమ్మ గుమ్మంలోనే ఎదురైంది. మొహం పాలిపోయి ఉంది. "పోయి చూడు. నేను చూడలేను" అంది. మందు లేని రెండు ట్రేల్లో ఆకుల అంచులు గోధుమరంగుకి తిరుగుతున్నాయి. మందు తాగినవి ఇంకా పచ్చగా ఉన్నాయి. నాలో ఒక మూల సంతోషం పొంగింది, దాన్ని ఆవిడ ముందు కనబడనివ్వకుండా మింగేశాను. ఆవిడ వచ్చి, మగ్గు తీసుకుని, నాలుగింటికీ ఉప్పునీళ్ళు పోసింది. మాడుతున్నవాటికి పోస్తున్నప్పుడు మొహం పక్కకి తిప్పుకుంది గానీ ఒక్క చుక్క తక్కువ పొయ్యలేదు.

"చాలు అనొచ్చు గదా టీచరమ్మా. తెలిసిపోయింది గదా" అంది.

"శుక్రవారం దాకా పెద్దమ్మా. మీ ఆయన కళ్ళతో చూడాలి."

"నీది రాతి మనసు" అంది. తిరిగి వస్తున్నప్పుడు దారంతా ఆ మాట నాతోనే ఉంది. అయినా మధ్యలో ఆపాలని అనిపించలేదు, ఆపితే అన్నాళ్ళు ఆ మొక్కలు పడింది వృథా అవుతుంది.

శుక్రవారం

మేం వెళ్ళేసరికి సెల్వం అప్పటికే వచ్చి ఉన్నాడు. రామలింగం ట్రేలు నాలుగూ చూరు కిందనుంచి వెలుతురులోకి తెచ్చి నేలమీద వరసగా పెట్టాడు. ఎవరూ చీటీలు చూడాల్సిన పని లేకపోయింది. రెండు ట్రేల్లో ఆకులు మాడి ముడుచుకుపోయి, చాలా మొక్కలు తలవాల్చేశాయి. మిగతా రెండూ నిలబడ్డాయి. వాటికీ సుఖంగా లేదు, కింది ఆకులు కమిలాయి, ఎదుగుదల ఆగింది. కానీ చిగుళ్ళు పచ్చగా ఉన్నాయి. నేను ఉన్నదున్నట్టు చెప్పాను: ఇది ఉప్పుని తీసెయ్యదు, తట్టుకునే బలమిస్తుంది, అంతే. నాటాక నిండు వేసవిలో ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేను, ఝాన్సీ దగ్గరుండి చూసుకోవాలి, మందు ఆమె చేతిమీదుగా తప్ప ఎవరూ కలపకూడదు.

రామలింగం గొంతుక్కూర్చుని ఒక్కో ట్రే మట్టినీ వేలితో నొక్కి చూశాడు. లేచి తుండుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఒక యేడు చూస్తాము" అన్నాడు సెల్వంతో. తర్వాత మునియమ్మ వైపు తిరిగి, "నాటు" అన్నాడు.

అంతే. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఝాన్సీ నన్ను పట్టుకుని ఊపేసింది. సెల్వం మాత్రం నా దగ్గరికి వచ్చి, తన సరుగుడు నారుకి కూడా ఈ మందు పనిచేస్తుందా అని ఝాన్సీ చేత అడిగించాడు. సరుగుడుకి ఉప్పంటే అంత భయం లేదు, నీ డబ్బులు దాచుకో అన్నాను. అతను నవ్వి, మునియమ్మకి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

నాకింకా పని మిగిలే ఉంది. కంటితో చూసింది రామలింగానికి చాలు గానీ నా చదువుకి చాలదు. ఈ వారం పెట్టిన నాలుగు ట్రేల్లో మొక్కల్నీ వేళ్ళతో సహా పీకి, కడిగి, ఆరబెట్టి, తూకం వెయ్యాలి. మందు లేనివి ఎంత ఎదిగాయి, ఉన్నవి ఎంత ఎదిగాయి అని బరువులో చూపిస్తేనే పదిమంది ఒప్పుకుంటారు. బ్యాగులోంచి కాగితం కవర్లు తీసుకుని వెనక్కి తిరిగాను.

మునియమ్మ మాడిన ట్రేల ముందు కూర్చుని ఉంది. వాలిపోయిన వాటి మధ్య ఇంకా బతికున్నవి కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ మట్టి చెదరకుండా రెండు వేళ్ళతో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటోంది. మందు లేకుండా, ఉప్పులో, వారం నిలిచినవి. నాకు అన్నిటికంటే ముందు తూకం వెయ్యాల్సినవి అవే. మెట్ల పక్కన చిన్న పాదు అప్పటికే తవ్వి ఉంది. లోపలినుంచి తాగే నీళ్ళ బిందె తెచ్చి పక్కన పెట్టుకుని ఉంది.

నా చేతిలోని కవర్లు చూసింది.

"నీ లెక్క తీరిందా టీచరమ్మా?" అంది. "చెప్పిన మాట తప్పలేదు నేను. చుక్క మందు పొయ్యలేదు, చుక్క మంచినీళ్ళు పొయ్యలేదు. ఇంక వీటికి మంచినీళ్ళు పొయ్యొచ్చునా?"

చెప్పినట్టల్లా చేసి ఆవిడ నన్ను అడిగినది అదొక్కటే. నేను కవర్లు మడిచి బ్యాగులో పెట్టేశాను.

"తీరింది పెద్దమ్మా. పొయ్యి" అన్నాను.